తూకం తగ్గని గోడ

నేను వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి మూడు. రేణిగుంట రోడ్డులో ఒక రేకుల షెడ్డు. మా నాయన కాశిం సాహెబ్ వాడి వదిలిన వేలాడే కాటా. జియావుల్లా దగ్గర ఇనుము కొంటే ఇంటికెళ్లి మళ్లీ తూచుకోనక్కర్లేదన్న పేరు. మూడోది కూడా నాయన ఇచ్చిందే. ముప్పై ఏళ్లు దాన్ని చెడకుండా కాపాడుకున్నాను.

మా నాయన పాత ఇనుము కొనేవాడు. తోపుడు బండి పట్టుకుని చంద్రగిరి దాకా తిరిగేవాడు. తూకం తగ్గించేవాళ్లకు నాశనమని ఖురానులోనే రాసి ఉందని నాకు పదిసార్లు కాదు, వెయ్యిసార్లు చెప్పాడు. మోసమంటే తూకంలో మోసమే అనుకుని పెరిగాను. ఇంకో రకం ఉంటుందని తెలిసేసరికి నాకు యాభై ఎనిమిదేళ్లు.

ధనశేఖర్ అనే ఆయన తిరుపతిలో ఏడంతస్తుల కిడ్నీ ఆసుపత్రి కట్టాలనుకున్నాడు. స్థలం ఇరుకు. లిఫ్టు చుట్టూ, మెట్ల చుట్టూ మామూలు కాంక్రీటు గోడలు లేపితే మందం ఎక్కువై, అంతస్తుకు రెండు మంచాలు తగ్గుతాయి. ఆయన పెట్టుకున్న ఇంజనీరు కృపారాణి. చిత్తూరు పిల్ల, మద్రాసులో చదివింది. ఆమె వేరే రకం గోడ గీసింది. రెండు మందపాటి ఉక్కు రేకులు అడుగు ఎడంలో ఎదురెదురుగా నిలబెట్టి, నడుమ కాంక్రీటు పోసే గోడ. రేకులు తేవడం, బెజ్జాలు వేయడం, అతకడం అన్నీ నా షెడ్డుకే వచ్చాయి.

మొదటిరోజు ఆమె నా షెడ్డులో ఒక రేకుమీద సుద్దతో గీసి చూపించింది.

"భాయ్, భూమి ఊగితే ఈ గోడ అటోసారి ఇటోసారి వంగుతాది. వంగినప్పుడల్లా ఒకవైపు రేకు ఉబ్బాలని చూస్తాది. అది ఉబ్బిందంటే లోపల కాంక్రీటు పిండైపోతాది. ఉబ్బకుండా అవతలి రేకు దాన్ని పట్టుకోవాల. పట్టుకునే చెయ్యి ఇదీ."

ఆమె చేతిలో ఉన్నది బొటనవేలి మందం కడ్డీ, అడుగు పొడవు. ఈ రేకు బెజ్జంలోంచి దూరి, కాంక్రీటు దాటి, ఆ రేకు బెజ్జంలోంచి బయటికి రావాలి. రెండు కొనలూ బయటివైపు వెల్డింగు చేయాలి. జానెడుకొకటి. కింది అంతస్తులో గోడ ఎక్కువగా వంగుతుంది కాబట్టి అక్కడి రెండు గోడలకే ఆరువందల నలభై కడ్డీలు.

"ఈడ ఒక్క కడ్డీ మార్చాలన్నా నాకు చెప్పకుండా మార్చొద్దు భాయ్."

"మొత్తం ఎన్ని కిలోలమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "నాలుగువందల డెబ్బై నాలుగు. మీకు గోడ కూడా కిలోల్లోనే కనపడతాదా?"

"ఇనుము ఇంకెట్ల కనపడతాదమ్మా?"

ఆ పనితో నాకు ఇంకో లాభం వచ్చింది. నా కూతురు అఖ్సా డయాలిసిస్ టెక్నీషియన్ కోర్సు చదివి ఏడాదిగా ఇంట్లో ఖాళీగా ఉంది. నేను అడగకముందే ధనశేఖర్ అన్నాడు: "ఆసుపత్రి తెరిచిననాడు మొదటి ఉద్యోగం మీ పాపకే భాయ్." గోడకూ నా కూతురికీ అట్లా ముడి పడింది. ఆరోజు దాన్ని లాభం కింద రాసుకున్నాను.

కింది అంతస్తు గోడల పని మొదలయ్యేసరికి కృపారాణికి నెలలు నిండాయి. కాన్పుకు చిత్తూరులో వాళ్లమ్మగారింటికి వెళ్లింది. ఇక్కడ నేను, సుబ్బన్న మిగిలాం. సుబ్బన్న నా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్న వెల్డరు. అతుకు వేస్తే గోరుతో తడిమినా తెలియదు. మేమిద్దరం నిలబడి నాలుగు రేకులకు బెజ్జాలు కొలిచాం. ప్రతి రేకుకూ కుడి కొన నుంచే కొలత పట్టాం. నాలుగూ అచ్చు ఒకే మాదిరి వచ్చాయి. ఎంత బాగా వచ్చాయో అనుకున్నాం.

తప్పు అక్కడే ఉంది. రెండు రేకులు ఎదురెదురుగా నిలబెడితే ఒకదాని కుడి రెండోదానికి ఎడమ అవుతుంది. కొనల దగ్గర వదలాల్సిన జాగా రెండు వైపులా సమానం కాదు. క్రేను రేకుల్ని నిలబెట్టాక సుబ్బన్న మొదటి కడ్డీ దూర్చాడు. అది ఈవైపు దూరి, అవతలి రేకును పొడిచి ఆగిపోయింది. రెండోది కూడా అంతే. బెజ్జాలు రెండంగుళాలు పక్కకు జరిగి ఉన్నాయి, ఆరువందల నలభై చోట్లా.

నాలుగు రేకులంటే ఐదు టన్నులు. కొత్తవి రావాలంటే మూడు వారాలు. కాంక్రీటు పోసే తేదీ ధనశేఖర్ ఖాయం చేసేశాడు. నేను ఒక సిమెంటు బస్తామీద కూర్చున్నాను.

సుబ్బన్న పక్కనే గొంతుకూర్చున్నాడు. "సాయిబూ, రేకుల్ని దించుదాం. కడ్డీల్ని నడిమికి కోద్దాం. ఒక సగం ఈ రేకుకు లోపలిపక్క అతికిస్తా, ఇంకో సగం ఆ రేకుకు. నడుమ కాంక్రీటు పడితే రెండూ కరుచుకుంటాయి. బెజ్జాలకు బిళ్లలు ఏస్తా. ఇనుమేమన్నా తగ్గినాదా?"

"తగ్గలేదు."

"ఇంకేం మల్ల?"

ఇనుము తగ్గకపోతే ఇంకేముంటుందని నాకూ అనిపించింది. ఐదు టన్నులు తుక్కు కింద పోవడం ఒకవైపు, ఏమీ తగ్గకపోవడం ఇంకోవైపు. కాటా ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. కోసిన ముక్కలు తూచాను. నాలుగువందల అరవై తొమ్మిది కిలోలు. కోతలో ఐదు కిలోలు పొడిగా పోయింది. ఆ ఐదు కిలోలు బిల్లులోంచి తీసేశాను. అంత నిజాయితీ నాది.

కాన్పైన మూడోరోజు కృపారాణి ఫోన్ చేసింది. వెనక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"భాయ్, కింది అంతస్తు కడ్డీలు అన్నీ పడినాయా?"

"పడినాయమ్మా. కాటా చీటీ ఉండాది. తూకం తగ్గలేదు."

"మీరుండారనే ధైర్యం భాయ్."

కాంక్రీటు పోసేటప్పుడు రేకు ఒకచోట ముందుకు ఉబ్బింది, బొటనవేలంత. గబగబా సర్వీ కట్టెలు ఆనించాం. "గోడకు గూడా నెలలు నిండినట్టుండాది సాయిబూ, చిత్తూరుకు పంపిద్దామా?" అన్నాడు సుబ్బన్న. పనివాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. పట్టుకునే చెయ్యి అన్న మాట ఒక్కసారి మనసులో మెదిలింది. దాన్ని పక్కకు తోసేశాను.

మూడు నెలల తర్వాత కృపారాణి తిరిగొచ్చింది. అప్పటికే ఆ గోడలమీద పాలరాయి అతికించేశారు. ఆమె నా కాటా చీటీ చూసి, నా మొహం చూసి, కాగితాలమీద సంతకం పెట్టింది.

ఆసుపత్రి నడిచింది. అఖ్సా మూడో అంతస్తులో చేరింది. రెండేళ్లు ఏమీ జరగలేదు.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. కాటా ఖాళీగా వేలాడుతోంది. గాలి లేదు. కొక్కెం తనంతట తాను ఊగడం మొదలుపెట్టింది. పక్కన పేర్చిన రేకులు పళ్లు కొరికినట్టు చప్పుడు చేశాయి. ఐదారు సెకన్లు, అంతే. రోడ్డుమీద ఎవరో "లారీ పోయినాదా?" అని అడుగుతున్నారు. నాకు మాత్రం సర్వీ కట్టెలు ఆనించిన ఆ ఉబ్బు కళ్లముందుకొచ్చింది. బండి దగ్గరికి పరిగెత్తబోయి తుక్కు కాలికి తగిలి పడ్డాను. ఎడమ మణికట్టు పటుక్కుమంది.

కిందపడి ఉండగానే అఖ్సా ఫోన్ చేసింది. "అబ్బాజాన్, ఈడ ఏమీ కాలేదు. మిషన్లు గూడా ఆగలేదు. నువ్వెట్లుండావు?"

మరుసటిరోజు పుత్తూరు వెళ్లాను. మా వైపు ఎముక విరిగితే ఆసుపత్రికి పోయేవాళ్లకన్నా పుత్తూరు కట్టుకు పోయేవాళ్లే ఎక్కువ. పెంచలయ్య అనే ముసలాయన నా చెయ్యి పట్టి చూసి, ఎముక సర్ది, పసరు రాసి, పైనొక వెదురు బద్ద, కిందొక వెదురు బద్ద పెట్టాడు. కోడలు గుడ్డ అందించింది. అది పొట్టిగా ఉంది. చుట్టూ తిరిగిరాలేదు. ఆయన దాన్ని విసిరేసి పొడుగుది అడిగాడు.

"పొట్టివి రెండేస్తే సరిపోదా? గుడ్డ అంతే గదా," అన్నాను.

"నువ్వు బట్టల యాపారివా అప్పా?"

"ఇనుప యాపారిని."

"అట్లనా. ఇట్ల సూడు." ఆయన ఒక పొట్టి ముక్కను పై బద్దకూ, ఇంకోదాన్ని కింది బద్దకూ విడివిడిగా చుట్టాడు. "ఇప్పుడు చెయ్యి కొంచెం తిప్పు."

తిప్పాను. పై బద్ద ఒకవైపు, కింది బద్ద ఒకవైపు జారాయి. మధ్యలో నా ఎముక కదిలింది. ప్రాణం పోయినంత నొప్పి.

"బద్దలు ఎముకను పట్టుకోవు. చుట్టూ తిరిగొచ్చే గుడ్డ బద్దల్ని పట్టుకుంటాది. అది లేకుంటే ఇవి పొయ్యిలోకి పుల్లలు," అంటూ ఆయన పొడుగు గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు.

నొప్పికి ఏడుస్తున్నానని కోడలు మంచినీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లు తాగి లేచాను. తర్వాత తిరుపతి బస్సు ఎక్కలేదు. చిత్తూరు బస్సు ఎక్కాను.

కృపారాణి ఆ వారం వాళ్లమ్మగారింట్లోనే ఉంది, బిడ్డకు అన్నం పెడుతోంది. నా చేతి కట్టు చూసి "ఏమైంది భాయ్?" అని లేచింది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. బెజ్జాలు, కోత, బిళ్లలు, ఉబ్బు. ఆమె అన్నం గిన్నె కింద పెట్టింది.

"ఎన్ని?"

"అన్నీ."

"నేను ఫోన్లో అడిగినాను గదా?"

"తూకం తగ్గలేదని చెప్పినానమ్మా."

"నేను తూకం అడగలేదు భాయ్."

ఆమె నన్ను తిట్టలేదు. ఒక కాగితం తెచ్చి లెక్కలు వేసింది. బిడ్డ వచ్చి కొంగు లాగుతున్నా తల ఎత్తలేదు. చివరికి చెప్పింది: దారి ఉంది. రేకు నుంచి రేకు దాకా గోడను ఇటునుంచి అటుకు తొలిచి, పొడుగాటి బోల్టులు దూర్చి, రెండు వైపులా బిగించాలి. ఆరువందల నలభై. లిఫ్టూ మెట్లతో సహా కింది అంతస్తు నలభై రోజులు ఖాళీ చేయాలి. అప్పటికి కూడా మొదట గీసినంత బలం రాదు, కానీ నిలబడుతుంది.

"ఖర్చు నాది. షెడ్డు అమ్మేస్తా," అన్నాను.

"మీ షెడ్డు సరే భాయ్. ఆయన తలుపు తీస్తాడా?"

ఇద్దరం కలిసి ధనశేఖర్ దగ్గరికి వెళ్లాం. ఆయన కాఫీ తెప్పించి, అంతా విని, నవ్వుతూ నా వైపు తిరిగాడు.

"మొన్న కొక్కెం ఊగిందని ఇంతపని పెట్టుకున్నావా భాయ్? ఇదేమన్నా జపానా? ఏడుకొండలు ఈ ఊరిని అదిమిపట్టి కూసోనుండాయి. యాడికి కదులుతాది?"

"సార్, కొండలకు నేను సంతకం పెట్టలేదు. గోడకు పెట్టినాను," అంది కృపారాణి.

ఆయన నవ్వు ఆగింది. "రోజుకు నూటయాభై మంది రక్తం కడిగించుకుంటారు ఈడ. రెండ్రోజులు తప్పితే ఊపిరాడదు వాళ్లకు. నలభై రోజులు మూస్తే, ఎప్పుడో వచ్చే భూకంపం దాకా వాళ్లు ఆగుతారామ్మా? నువ్వు సెప్పు."

ఆ మాట ఆయన డబ్బు కోసం అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. లేచేటప్పుడు ఆయన మెల్లగా ఇంకోమాట అన్నాడు: "బయట మాట్లాడితే ముందు మునిగేది సంతకం పెట్టినోళ్లే. చిన్నబిడ్డ తల్లివి, ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. మూడోరోజే ఉత్తరం రాసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చింది. తన సంతకం తప్పని, గోడ తెరిచి చూడాలని.

మూడు నెలలకు ఇద్దరు అధికారులు వచ్చారు. పాలరాయిమీద సుత్తితో తట్టారు. నక్షా చూశారు, నా కాటా చీటీ చూశారు. వాళ్లలో పెద్దాయన మెచ్చుకున్నాడు కూడా: "నాలుగువందల డెబ్బై నాలుగుకు నాలుగువందల అరవై తొమ్మిది. ఇంత ఖచ్చితంగా ఇనుము పడిన కట్టడం నేను చూడలేదు."

"నడిమికి కోసేసినాను సార్," అన్నాను.

"ఆధారం?"

"గోడలో ఉండాది."

"గోడ కోయాలంటే యజమాని ఒప్పుకోవాల. ఆయన ఒప్పుకోవడం లేదు. చీటీ చూస్తే సరిగ్గా ఉంది. నీ చీటీ నమ్మమంటావా, నిన్ను నమ్మమంటావా?"

సుబ్బన్నను పిలిచి అడిగారు. అతను నేల చూస్తూ "కడ్డీలన్నీ పెట్టినాం సార్" అన్నాడు. అది అబద్ధం కాదు. అప్పట్లో కృపారాణికి నేను ఫోన్లో చెప్పిన మాటే. లోపం లేదని రాసి, వాళ్లు వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లు కాపాడుకున్న పేరు ఆరోజు నా నోరు నొక్కేసింది.

ఆరోజు సాయంత్రం అఖ్సాను కూర్చోబెట్టి ఉద్యోగం మానెయ్యమన్నాను. ఎందుకో మొత్తం చెప్పాను. ఆమె కట్టు విప్పిన నా మణికట్టును పట్టి చూసింది.

"నేనొక్కదాన్ని బయటికొస్తే లెక్క సరిపోతాదా అబ్బా?"

"నాకు నువ్వొక్కదానివే గదా బేటా."

"సూది గుచ్చినాక నాలుగు గంటలు కదలకుండా పడుకుంటారు వాళ్లు. భూమి ఊగితే లేచి పరిగెత్తలేరు. సూదులు తీసి, రక్తం ఆపేది నేను. ఆ పొద్దు నేనుండకపోతే ఎట్ల?" తర్వాత, మొహం తిప్పుకుని, "నువ్వు కోసినవాటి పక్కన నేనే నిలబడాల గదా," అంది.

ఉద్యోగం మానలేదు. ఆమె ధనశేఖర్‌ను బతిమాలి ఒక్కటి సాధించింది. మెట్ల కింద సామాను గది ఉంది. అక్కడ నాలుగడుగుల మేర గోడకు పాలరాయి లేదు, రెండు వైపులా చెయ్యి అందుతుంది. ఆదివారాలు ఆ మేరకు పని చేసుకోమన్నాడు. మా నోళ్లు మూయించడానికే ఇచ్చాడని తెలుసు. అయినా వెళ్లాను. మొదటి ఆదివారం నేను చేరేసరికి సుబ్బన్న తొలిచే మిషను భుజాన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పిలవలేదు.

"ఆ పొద్దు జైలు గుర్తొచ్చినాది సాయిబూ. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లోళ్లు," అన్నాడు.

"పట్టు, మిషను పట్టు," అన్నాను.

ఆదివారానికి ఏడు చొప్పున నాలుగు ఆదివారాలు. ఇరవై ఎనిమిది బోల్టులు ఈవైపు నుంచి ఆవైపుకు నిండుగా వెళ్లాయి. ఒక్కొక్కటి బిగించినప్పుడు రేకు రేకును పట్టుకోవడం నా అరచేతికి తెలిసేది.

ఇరవై తొమ్మిదోది ఉబ్బు వచ్చిన చోట. మిషను రేకు దాటగానే జర్రున లోపలికి జారిపోయింది. కాంక్రీటు తగల్లేదు. సుబ్బన్న మిషను ఆపి, ఆ బెజ్జంలో నీళ్లు పోశాడు. లీటరు సీసా మొత్తం తాగింది. ఎక్కడా బయటికి రాలేదు. కృపారాణికి ఫోన్ చేశాను.

"ఎంత బోలు ఉందో పైనించి తెలీదు భాయ్. పలచని సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించాల. వచ్చే ఆదివారం నేనే వస్తా," అంది.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. గదికి కొత్త తాళం వేసి ఉంది. మిషను మోతకు పేషెంట్లు భయపడుతున్నారని కాగితం అంటించారు. కృపారాణి తాళాన్ని ఒకసారి పట్టుకుని వదిలేసింది. చిత్తూరు బస్సు దాకా ఆమెను దింపాను. బస్సెక్కేటప్పుడు "చెయ్యి నొప్పి తగ్గిందా భాయ్?" అని అడిగింది.

ఇప్పటికి లెక్క ఇదీ. రేకుల షెడ్డు ఉంది. నేను అమ్ముతానన్నా దానితో అక్కడ కొనగలిగింది ఏమీ లేదు. నాయన కాటా ఉంది. దాని కొక్కేనికి ఎప్పుడూ ఏదో ఒక బరువు తగిలించి ఉంచుతున్నాను, ఖాళీగా ఊగితే చూడలేక. పేరు ఉంది, ఊళ్లో ఇంకా కొంచెం పెరిగింది కూడా. అధికారులు మెచ్చుకున్న చీటీ సంగతి చెప్పుకుని కొత్త గిరాకీలు వస్తున్నారు. సంతకం పెట్టి తానే కాదన్న ఇంజనీరని కృపారాణికి తిరుపతిలో ఎవరూ పని ఇవ్వడం లేదు. చిత్తూరులో పాలడెయిరీ షెడ్లకు ప్లాన్లు గీస్తోంది. ఆమె నష్టం నా ఖాతాలోదే.

కోసినవి ఆరువందల నలభై. కట్టినవి ఇరవై ఎనిమిది. తొలిచి వదిలేసిన బోలు ఒకటి. మిగిలినవి ఆరువందల పన్నెండు. ఈ నెల అఖ్సాకు పొద్దుటి డ్యూటీ. ఆరింటికి బండిమీద నేనే దింపి వస్తాను.